జీతం తీసుకునే చేప

ఐన్ ఖాలిద్, దోహా
మార్చి 9

నూకరాజు బావకి,

ఫోన్ చేస్తే "ఆఁ, బాగున్నాం, ఇదిగో మీ అక్క" అని రెండో నిమిషంలో ఫోను చేతులు మార్చేస్తావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి తన్మయి ఫోనుకి పంపుతున్నాను. నా మేనకోడలు దగ్గరుండి నీచేత చదివిస్తుంది, తప్పించుకోలేవు. జవాబు కూడా కాగితం మీదే రాయి. ఎడంచేత్తో రాయడం నేర్చావట కదా, అక్క చెప్పింది.

సంగతేంటంటే, మా బాబాకి ఒక రీలు కొనాలి. గాలం దారం చుట్టే రీలు. బాబా అంటే ఎవరో నీకు కొత్తగా చెప్పాలా? ఆరేళ్ళ కిందట బోటులో వల లాగే వించి మోటారులో నీ చెయ్యి పడ్డ రోజు సాయంత్రమే నన్ను విమానం ఎక్కించి, మూడు నెలలు జీతం కొయ్యకుండా మన ఇంటి దగ్గర ఉండనిచ్చిన, నేను డ్రైవరుగా ఉన్న ఇంటి పెద్దాయన. ఆ మూడు నెలలు ఆయన ఇవ్వకపోతే మనం ఏమైపోయేవాళ్ళమో తల్చుకుంటేనే భయమేస్తుంది నాకు.

పోయినేడు రంజాన్ వెళ్ళాక ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి కాలు తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తారు. కుడి చెయ్యే రాలేదు. భుజం నుంచి లేస్తుంది గానీ వేళ్ళు పట్టవు. ముప్పై ఏళ్ళుగా ప్రతి జులైలో నార్వే వెళ్ళి, అక్కడ ఏట్లో సాల్మన్ అనే చేప పట్టడం ఆయనకి పండగ. ఈ ఏడు డాక్టరు "వారం రోజులు వెళ్ళిరండి" అన్నాడు. కూతురు సబ్రీన్ మేడమ్ తీసుకెళ్తానంది. ఆయనే రానంటున్నారు. ఇంట్లో ఉన్న రీళ్ళన్నీ రెండు చేతులున్న మనిషికి పనికొచ్చేవి. "ఒడ్డున కూర్చుని వేరేవాళ్ళు లాగుతుంటే చూడ్డానికి అంత దూరం ఎందుకు?" అన్నారు, అంతే. ఏడాదిగా అంతే బావా. పెట్టింది తింటారు, గోడకేసి చూస్తారు. నవ్వు మాఫీ, అంటే ఇక్కడి అరబ్బీలో 'లేదు' అని.

మేడమ్ నన్ను పిలిచి, "గిరీ, నువ్వు చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టావు. ఒంటిచేత్తో మా నాన్న పట్టగలిగే రీలు నువ్వే చూడు. ఈ ఏడు వెళ్ళకపోతే ఆయన ఇంక ఆ కుర్చీలోంచి లేవరు" అంది. కళ్ళనిండా నీళ్ళు ఆవిడకి.

నిన్న అల్ ముంతజాలో చేపల సామాను షాపుకెళ్ళాను. అయ్యబాబోయ్, ఏం దొరికిందనుకున్నావు? కరెంటు రీలు! బ్యాటరీ తగిలించి బొటనవేలితో బటన్ నొక్కితే చాలు, ఎంత లోతులో ఉన్న హమూర్ చేపనైనా జుయ్యిమని పైకి లాగేస్తుందట. ఆయన ఇంక చెయ్యి కదపక్కర్లేదు. వెంటనే తీసుకొచ్చేశాను. రేపు పొద్దున్న ఆయన చేతిలో పెడతాను. ఆయన రుణం కొంచెమైనా తీరుతుంది. ముందు నీకు చెప్పుకోవాలనిపించింది.

నీ బామ్మర్ది
గిరి

ఉప్పాడ
మార్చి 16

ఒరేయ్ గిరీ,

అక్షరాలు చూసి నవ్వావో, ఇంటికొచ్చినప్పుడు చెప్తాను నీ సంగతి. తన్మయి పక్కన కూర్చుని "నాన్నా, ఇక్కడ ఒత్తు మర్చిపోయావు" అంటూ ప్రాణం తోడేస్తోంది.

ఆ సాల్మన్ ఏంటో తన్మయి ఫోనులో చూపించింది. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికెదురు ఈదుకుంటూ వస్తుందట. అంటే మన పులసకి చుట్టమేగా! గోదారి ఎర్రనీళ్ళకి ఎదురొచ్చే చేప ఎంత మొండిఘటమో నీకు నేను చెప్పాలా? అలాంటిదాన్ని బటన్ నొక్కి లాగిస్తావా? బుర్ర అక్కడ ఎండకి కరిగిపోయిందేంట్రా నీకు?

దోహాలో చేపల మార్కెట్టు లేదా? చేప కావాలంటే నువ్వే కారేసుకెళ్ళి తెస్తావు కదా. ఆయనకి కావాల్సింది చేప కాదు, లాగడం. "వేరేవాళ్ళు లాగుతుంటే" అని ఆయన నోటితో ఆయనే చెప్పాడు. నువ్వు వేరేవాళ్ళకి బదులు మోటారు తెచ్చావు. నా నాలుగు వేళ్ళు మింగింది మోటారే కాబట్టి కోపంతో రాస్తున్నాననుకోకు.

ఇంకో మాట ఉంది. ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను. ఆ మూడు నెలలు నువ్వు చేసింది ఊరంతా చెప్పుకున్నారు. కాకినాడ ఆసుపత్రికి మోసుకెళ్ళావు, కట్లు మార్పించావు, నా బదులు వేటకెళ్ళావు. సొంత తమ్ముడు కూడా చెయ్యడు. కానీ నువ్వు నన్ను ఒక్క తాడు ముట్టుకోనివ్వలేదురా. "నువ్వు కూర్చో బావా, నేనున్నాగా" అనేవాడివి. అన్నం కూడా కలిపి పెట్టేవాడివి. ఒడ్డున కూర్చుని నా వల నువ్వు లాగుతుంటే చూసేవాణ్ణి. నేను చచ్చిపోయినట్టూ, నా దినానికొచ్చినవాళ్ళు నా పని పంచుకుంటున్నట్టూ ఉండేది. నీ మీద కోపం వచ్చేది. అంత చేస్తున్నవాడి మీద కోపమొస్తోందేంటని నా మీద నాకు అసహ్యం వేసేది.

ఇది రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. మీ బాబా కూడా అలాగే గోడకేసి చూస్తున్నాడన్నావు కాబట్టి రాశాను. కోపం తెచ్చుకోకు.

మీ బావ
నూకరాజు

ఐన్ ఖాలిద్
ఏప్రిల్ 2

బావా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ముద్ద దిగలేదు. మా ఇంట్లో వంటచేసే రెహానా, కడప ఆవిడ, "ఏమబ్బా గిరీ, మొగం అట్ల పెట్టుకోనుండావు? ఊర్లో ఎవురికన్నా బాగలేదా?" అని అడిగింది. నాకే బాగాలేదు అని చెప్పాను.

నిజం చెప్పనా, కోపమే వచ్చింది ముందు. ఆ మూడు నెలల్లో నా అరచేతులు ఎలా పగిలాయో నీకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆ మూడు నెలలు తల్చుకుని, నా బతుకులో ఒక్క మంచి పనైనా చేశానని గర్వంగా ఉండేది. దాన్ని నువ్వు ఒక్క కాగితంతో కింద పడేశావు. ఇంక నీకు రాయకూడదనే అనుకున్నాను.

కానీ బావా, అప్పటికే కరెంటు రీలు బాబా చేతికిచ్చేశాను. ఆయన బటన్ ఒకసారి నొక్కారు. జుయ్యిమంది. మళ్ళీ నొక్కి ఆపారు. దాన్ని సోఫా మీద పెట్టి, ఎడంచేత్తో నా భుజం తట్టి, "షుక్రన్ గిరీ" అన్నారు. నన్ను నొప్పించకూడదని అన్నారు, అంతే. మళ్ళీ గోడకేసి తిరిగిపోయారు. ఆ తిరగడం చూశాక నువ్వు ఒడ్డున కూర్చున్న తీరు గుర్తొచ్చింది. అచ్చం అలాగే కూర్చునేవాడివి. నేను చూసి కూడా, పాపం నొప్పి అనుకునేవాణ్ణి. నన్ను క్షమించు బావా. ఇన్నాళ్ళకైనా చెప్పావు, అందుకు నీకు దణ్ణం.

దాన్ని షాపులో తిరిగి ఇచ్చేశాను. షాపాయన మలయాళీ, మంచివాడు, మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. ఇప్పుడు మూడు రకాల రీళ్ళ ఫోటోలు పంపుతున్నాను. నువ్వే చూసి చెప్పాలి, ఒంటిచేతి కష్టం నీకు తెలిసినట్టు నాకు తెలీదు.

మొదటిది వంజరం పట్టేవాళ్ళు వాడేది. లోపల గేర్లున్నాయి, చుట్టూ ఇనప్పెట్టెలా మూసేసి ఉంటుంది. మహా గట్టిది. పిడి కుడివైపు, మార్చడానికి లేదు. రెండోది నేతగాళ్ళ కండెలా ముందుకి పొడుచుకుని ఉంటుంది. పిడి ఎటైనా మార్చుకోవచ్చు. కానీ విసిరేముందు ఒక చేత్తో తీగ ఎత్తి, ఇంకో చేతి వేలితో దారం అదిమి పట్టుకోవాలి. మూడోది గాలం కర్రకి కిందివైపు వేలాడుతుంది. పెద్ద చక్రం, నిండా కన్నాలే. గేర్లు లేవు, ఒక చుట్టు తిప్పితే ఒక చుట్టే తిరుగుతుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు. పిడి ఎడంవైపుకి మార్చుకోవచ్చు. చక్రం అంచు బయటికే ఉంటుంది. అదేదో లోపమేమో అనుకున్నాను. బాబా పాత రీళ్ళు కూడా ఈ రకమే గానీ చిన్నవి, అంచు మూసినవి. ఈ షాపులో ఇది ఒక్కటే ఉంది, ఎప్పుడో ఎవరో తెప్పించి వదిలేశారట.

నాకైతే మొదటిది నచ్చింది, గట్టిగా ఉంది కాబట్టి. కానీ నా నచ్చడం సంగతి చూశావు కదా!

ఒకటి అడుగుతాను, చెప్పు. నేను దోహా వచ్చేశాక నువ్వు మళ్ళీ తాడు ఎలా పట్టావు?

గిరి

ఉప్పాడ
ఏప్రిల్ 14

గిరికి,

నీ ఉత్తరం వచ్చేదాకా నాకూ ముద్ద దిగలేదు. సరే, ఆ మాట అయిపోయింది. ఇంక ఎత్తకు.

మూడోది కొను. కళ్ళు మూసుకుని కొను.

ఎందుకో చెప్తాను విను. మొదటిది గట్టిదే, కానీ పిడి కుడివైపు. ఆయనకి లేని చేతివైపు పిడి పెట్టుకుని ఏం చేస్తాడు, పూజ చేస్తాడా? రెండోది విసిరేటప్పుడే రెండు చేతులు అడుగుతోందని నువ్వే రాశావు. మూడోదాని పిడి ఎడంవైపుకి వస్తుంది. చక్రం పెద్దది కాబట్టి ఒక చుట్టుకే బారెడు దారం లోపలికొస్తుంది, ఒంటిచెయ్యి తొందరగా అలిసిపోదు. తేలిక కాబట్టి భుజం లాగదు.

అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు లోపం అన్నావే, ఆ అంచు. అదేరా అసలు సంగతి! పులసలాంటి చేప పరిగెత్తేటప్పుడు ఎదురు లాగకూడదు, పరిగెత్తనివ్వాలి. దారం వదులుతూనే కొంచెం కొంచెం ఆపాలి. మనం చేతిగాలం వేసినప్పుడు దారాన్ని బొటనవేలి కింద నుంచి జారనిస్తామే, అలాగ. ఆయన వేళ్ళు పట్టవు గానీ చెయ్యి భుజం నుంచి లేస్తుందన్నావు. చక్రం కర్ర కింద వేలాడుతుంది కదా. కుడి అరచేతిని కింద నుంచి దానికి ఆనించి, భుజంతో పైకి ఎత్తితే చాలు. అదే బ్రేకు. వేళ్ళతో పనే లేదు. కర్ర నిలబడ్డానికి నడుముకి తోలు గిన్నె, భుజాల మీద నుంచి రెండు పట్టీలు కుట్టించు. ఎడంచెయ్యి చుడుతుంది, కుడిచెయ్యి ఆపుతుంది. రెండు చేతులకీ పని ఉండాలిరా. బాగున్న చేతికే పని అంతా ఇచ్చేస్తే, ఆ రెండోది ఒంటికి వేలాడే చుట్టమైపోతుంది.

ఇంక నువ్వు అడిగింది. నువ్వెళ్ళిన వారానికి మీ అక్క నన్ను ఉప్పుటేటి గట్టుకి తీసుకెళ్ళింది. చేతిగాలం ఒకటి నా ఒళ్ళో పడేసి, నాకు వీపు పెట్టి అటు తిరిగి కూర్చుంది. "పడితే చెప్పు, పడకపోతే చెప్పకు" అంది. ఎర గుచ్చడానికే అరగంట పట్టింది నాకు. గాలం గుచ్చుకుంది, రక్తం వచ్చింది, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆవిడ తిరగలేదు. మూడు చేపలు జారిపోయాయి. తిరగలేదు. నాలుగోది పడింది, జానెడు పండుగప్ప. "కృష్ణా" అని పిలిచాను. తిరిగింది. మొహమంతా కన్నీళ్ళు. ఎప్పట్నుంచి ఏడుస్తోందో నాకు తెలీదు.

ఆవిడకి నేను ఈ ఆరేళ్ళలో ఒక్క మంచిమాట చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీక. నేను రాస్తున్నకొద్దీ తన్మయి పక్కనుంచి గట్టిగా చదువుతోంది కాబట్టి ఇప్పుడు వింటుంది. వినవే కృష్ణకుమారీ, నువ్వు లేకపోతే నేను లేను.

(తన్మయి ఇక్కడ ఆపేసి "అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది" అంటోంది. వెళ్ళనీ.)

నూకరాజు

ఐన్ ఖాలిద్
జూన్ 6

బావా, అక్కా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. నవ్వడానికి సిద్ధంగా ఉండండి.

మూడోదే కొన్నాం. పట్టీలు కుట్టించాను. ఎడంచేత్తో విసరడం బాబా నెల రోజులుగా పెరట్లో నేర్చుకుంటున్నారు. దూరం పడదు గానీ, సాల్మన్ ఒడ్డు పక్కకే వస్తుంది, ఫరవాలేదట. చివరికి తేలిందేంటంటే, చేప లాగితే ఎలా ఉంటుందో చూడాలంటే చేప కావాలి కదా. ఖతర్‌లో సాల్మన్ ఎక్కణ్ణుంచి తెస్తాం? మేడమ్ నాకేసి చూసింది. "గిరీ, నువ్వు పరిగెత్తగలవా?" అంది.

ఇంటి వెనకాల ఖాళీ స్థలంలో బాబాకి కుర్చీ వేశాం. దారం కొస నా నడుముకి కట్టారు. నేను చేపని! సాయంత్రం అయిదైనా సెగలు కక్కుతోంది. రెహానా గేటు దగ్గర నిలబడి, "పరిగెత్తబ్బా, నీకు పొట్టొచ్చింది, కరుగుతాది" అని నవ్వుతోంది. పక్క విల్లాల డ్రైవర్లు కూడా పోగయ్యారు.

పరిగెత్తాను. చక్రం కిర్రుమంటూ దారం వదిలింది. బాబా చెయ్యి ఇంకా అంచుకి ఆనలేదు, తడుముకుంటున్నారు. పాపం అనిపించి నేను ఆగిపోయాను. ఆయన చుట్టారు, నేను మెల్లగా నడుచుకుంటూ దగ్గరికి వచ్చేశాను. మళ్ళీ పరిగెత్తాను, మళ్ళీ ఆగాను, మళ్ళీ వచ్చేశాను. మూడోసారి ఆయన చుట్టడం ఆపేశారు. మొహం ఎర్రబడింది. అరబ్బీలో గట్టిగా అరిచారు. ఏడాదిలో ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. "ఈ చేప నా దగ్గర జీతం తీసుకుంటోంది! జీతం తీసుకునే చేప నాకొద్దు!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు బావా. మళ్ళీ అదే పని చేశాను చూడు! నువ్వు అంత రాశాక కూడా. సాయానికి చెయ్యి అందించడం నా రక్తంలో ఉందేమో.

అప్పుడు చెప్పులు విప్పేశాను. ఆయనకేసి చూడకుండా, బతుకు మీద ఆశ ఉన్న చేప ఎలా పరిగెత్తుతుందో అలా పరిగెత్తాను. ముప్పై, నలభై అడుగులు. ఉన్నట్టుండి నడుం దగ్గర పట్టేసింది. కొంచెం వదిలింది. మళ్ళీ పట్టేసింది. ఇటు లాగాను, అటు లాగాను, లాభం లేదు. కాలు జారి ఇసకలో బోర్లా పడ్డాను. తలెత్తి చూస్తే బాబా కుడి అరచెయ్యి కింద నుంచి చక్రాన్ని మోస్తోంది. ఆయన దాన్నే చూసుకుంటున్నారు. తర్వాత నన్ను చూసి నవ్వారు. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వారు. సబ్రీన్ మేడమ్ అబాయా చేతి అంచుతో కళ్ళు తుడుచుకుంది.

జులై పద్నాలుగున విమానం. నాకు ఇసక గీరుకుని మోచేతులు దోక్కుపోయాయి, మోకాళ్ళు కూడా. ఏం ఫరవాలేదు.

మీ
గిరి

ఉప్పాడ
జూన్ 20

ఒరేయ్ చేపా,

నీ ఉత్తరం మా వీధిలో నాలుగుసార్లు చదివించారు. ఇప్పుడు నిన్ను ఎవరూ గిరి అనడం లేదు. మీ అక్క నవ్వి నవ్వి పొయ్యి మీద చారు మాడబెట్టింది.

చెయ్యి అందించడం నీ రక్తంలో ఉందన్నావు. ఉండనీరా. నువ్వు అందించిన చెయ్యే ఆనాడు నన్ను ఆసుపత్రికి చేర్చింది. ఎప్పుడు అందించాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని ఉండాలో అదొక్కటే నేర్చుకోవాలి. నాకూ ఇంకా రాలేదు. నిన్న తన్మయి సైకిల్ నేర్చుకుంటుంటే వెనకాల పట్టుకుని వదల్లేదు, తిట్టింది.

మీ బాబాకి నా మాటగా ఒకటి చెప్పు. అరబ్బీలో ఎలా చెప్తావో నీ ఇష్టం. ఆయన ఇచ్చిన మూడు నెలల వల్ల నేను బతికాను. నేను ఆయన మొహం చూడలేదు, ఆయన నా మొహం చూడలేదు. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇంటివాళ్ళ పేర్ల తర్వాత ఆయన్ని తల్చుకుంటాను. పేరు సరిగా తెలీక "దోహా పెద్దాయన" అనుకుంటాను. దేవుడికి తెలుసులే.

చేప పడినా పడకపోయినా రాయి.

నూకరాజు

ఐన్ ఖాలిద్
జులై 24

బావా,

నీ మాట ఆయనకి చెప్పాను, వెళ్ళేముందు రోజు. నీ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నారు. "నూకరాజ్, నూకరాజ్" అని. ఇంక నీకు కూడా ఆయన దుఆలో, అంటే ఆయన ప్రార్థనలో, చోటు దొరికింది.

ఆరు రోజుల్లో ఒక్క చేపే తగిలింది బావా. అయిదో రోజు. మేడమ్ వీడియో కాల్ చేసింది. నేను సూపర్ మార్కెట్ బయట కారులో ఉన్నాను. ఫోనులో పచ్చటి గట్టు, నల్లటి నీళ్ళు, మధ్యలో బాబా. పట్టీలు కట్టుకుని, కుర్చీ కాదు బావా, నిలబడి. చేప పరిగెడుతోంది. ఆ రీలు చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తోంది. అరచెయ్యి పైకెత్తారు, ఆపారు, వదిలారు. పక్కన అక్కడి గైడు రెండుసార్లు కర్ర పట్టుకోబోయాడు. మేడమ్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ముప్పావుగంట! నా కారు ఏసీలో నాకు చెమటలు పట్టాయి.

ఒడ్డుకి మూరెడు దూరంలోకి వచ్చింది. వెండిలా మెరిసే వీపు నేను కళ్ళారా చూశాను. అప్పుడు ఒక్క దులుపు దులిపింది, గాలం ఊడిపోయింది. చేప పోయింది.

అయ్యో అని గట్టిగా అరిచాను, పక్క కారువాళ్ళు చూశారు. బాబా నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. మేడమ్ దగ్గర ఫోను తీసుకుని నాతో అన్నారు, "గిరీ, చూశావా? ఏడాదిగా నా చేతిలోది ప్రతిదీ ఎవరో ఒకరు తీసేసుకుంటున్నారు. దీన్ని మాత్రం నేనే పోగొట్టుకున్నాను. అల్హమ్దులిల్లా."

నిన్న వాళ్ళని తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్ళాను. మేడమ్ వెనక సీట్లో ఎక్కింది, ఆయన వచ్చి ముందు సీట్లో, నా పక్కన కూర్చున్నారు. సీటు బెల్టు వెయ్యడానికి నా చెయ్యి లేచింది. ఆయన నా చేతికేసి చూశారు. దించేశాను. ఆయన ఎడంచేత్తో కుడి భుజం పక్క నుంచి బెల్టు లాక్కున్నారు. జారిపోయింది. మళ్ళీ లాక్కున్నారు. కుడి మోచేత్తో అదిమి పెట్టుకుని కొస కోసం తడుముకున్నారు. వెనకాల కార్లు హారన్లు. ట్రాఫిక్ పోలీసు వచ్చి అద్దం మీద కొట్టి, కదలమని చెయ్యి ఊపాడు. నేను రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. పోలీసుకి దణ్ణం పెట్టాలనుంది, కానీ స్టీరింగ్ వదిలితే నా చెయ్యి ఎటు పోతుందో నాకు నమ్మకం లేదు.

నాలుగు నిమిషాలు పట్టింది. టక్కుమంది.

"యల్లా గిరీ," అన్నారు, "ఇంటికి పోదాం."

మీ బామ్మర్ది
గిరి